పైపెట్‌పై పట్టు రావాలంటే నీటిని తూచి చూడండి
బీఎస్సీ బయోటెక్నాలజీ పూర్తిచేసి, హైదరాబాదు శివారులోని జీనోమ్ వ్యాలీ (బయోటెక్, ఔషధ సంస్థల కేంద్రం) వంటి చోట నాణ్యతా పరీక్షల ల్యాబులో చేరాలనుకునే విద్యార్థులు, పీసీఆర్ (డీఎన్ఏ భాగానికి అనేక నకళ్లు తయారుచేసే పద్ధతి) సిద్ధాంతాన్ని ఎంత బాగా చదివినా, అతి తక్కువ ద్రవాన్ని కొలిచి పీల్చి, వదిలే చేతి పరికరమైన మైక్రోపైపెట్‌ను కచ్చితంగా వాడే అలవాటును కళాశాలలో ఉండగానే చేసుకోవడం ఎంతో అవసరం.

ఇందుకు ఖరీదైన రసాయనాలేవీ అక్కరలేదు. మిల్లీగ్రాము వరకు చూపే తూకం యంత్రంపై చిన్న బీకరు ఉంచి, ప్రతిసారీ సున్నాకు సరిచేస్తూ, 1000 మైక్రోలీటర్ల (ఒక మిల్లీలీటరు) డిస్టిల్డ్ వాటర్‌ను పదిసార్లు వదిలి బరువులు రాసుకోండి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక్కొక్కటి దాదాపు 0.998 గ్రాములు ఉండాలి. అంకెలన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉండి ఒకే వైపు తేడా చూపితే పైపెట్‌కు క్యాలిబ్రేషన్ (కొలతను ప్రమాణంతో పోల్చి సరిచేయడం) అవసరమై ఉండవచ్చు. చెల్లాచెదురుగా ఉంటే మాత్రం లోపం చాలావరకు చేతిలోనే ఉంటుంది, ముఖ్యంగా ద్రవాన్ని పీల్చేటప్పుడు బొటనవేలిని ఒక్కసారిగా వదిలేయడంలో.

ఆ అంకెలను విడి కాగితంపై కాక, నేరుగా ల్యాబ్ నోటుబుక్కులో సిరాతో రాయండి. తప్పు పడితే వైట్‌నర్ పూయకుండా, పాత అంకె కనబడేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయండి. ఔషధ పరిశ్రమలోని జీఎంపీ (నాణ్యమైన తయారీ పద్ధతుల నియమావళి) ల్యాబులలో పాటించే పద్ధతి కూడా ఇదే.