కథ రాయడం నేర్చుకుందాం – 5వ పాఠం: ఎవరి కళ్లతో?

గత పాఠంలో ఎత్తుగడ గురించి చెప్పుకున్నాం. కూతురి కాలేజీ ఫీజు కోసం తండ్రి గేదెను అమ్మే సన్నివేశాన్ని ఒక పేజీలో రాయమన్నాం. ఆ పేజీ దగ్గర పెట్టుకోండి, ఈ పాఠమంతా దాని మీదే.

పాకలో ముగ్గురున్నారు: తండ్రి వెంకటేశు, కూతురు సుజాత, బేరగాడు. జరిగేది ఒకటే. కానీ ఆ ముగ్గురిలో ఎవరి పక్కన నిలబడి చూస్తున్నామో తేలేదాకా అది కథ కాదు, కబురు మాత్రమే. ఎక్కణ్నుంచి చూస్తున్నామన్నదే దృష్టికోణం. 'నేను' అని రాయాలా, 'అతను' అని రాయాలా అన్నది దాని తర్వాతి ప్రశ్న. 'అతను' అంటూనే కథ మొత్తం ఒక్క మనిషి కళ్లలోంచి చూపించొచ్చు. కొత్తగా రాసేవాళ్లు ఈ పద్ధతితో మొదలుపెట్టడం మంచిది. అందరి మనసుల్లోకీ వెళ్లివచ్చే సర్వసాక్షి కథనానికి నవలలో చోటు చాలా ఉంటుంది. పదిహేను వందల మాటల కథలో నాలుగు మనసుల్లోకి దూరితే ఒక్కదాంట్లోనూ కుదురుగా ఉండలేం.

ఒకే క్షణాన్ని మూడు రకాలుగా రాసి చూద్దాం. ముందు తండ్రి.

"బేరగాడు పొదుగు కింద చెయ్యి పెట్టాడు. కొత్త చెయ్యి తగిలితే తన్నే గౌరి ఇవాళ కాలు కూడా కదపలేదు. తన్నినా బాగుండేది. వెంకటేశు అటు తిరిగి గుంజకున్న పలుపు విప్పడం మొదలుపెట్టాడు."

ఇప్పుడు బేరగాడు.

"మూడో ఈతంటున్నాడు గానీ కొమ్ము మీద గీతలు చూస్తే నాలుగు దాటినట్టే ఉంది. పొదుగుకి వంక పెట్టడానికి లేదు. ముసలాయన మొహం అటు తిప్పుకున్నాడంటే అవసరం గట్టిదే. ఇంకో రెండు వేలు తగ్గించి అడగొచ్చు."

ఇక కూతురు.

"నాన్న పలుపు విప్పుతున్నాడు. రోజూ ఒక్క లాగుకి ఊడొచ్చే ముడి. ఇవాళ ఎంతకీ రావడం లేదు. సుజాత చేతిలో ఉన్న ఫీజు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచేసింది."

తిప్పుకున్న మొహం తండ్రికి బాధ, బేరగాడికి లాభం. ఆ మొహం సుజాతకి కనబడనే లేదు, ఆమె చూసింది ముడిని. మూడింట్లో ఏది ఎంచుకోవాలి? ఎవరు ఎక్కువ ఏడుస్తారో వాళ్లనే ఎంచుకోవడం చాలామంది చేసే పొరపాటు. వెంకటేశుకి గౌరి పోతోందని ముందే తెలుసు, ఏడవడం తప్ప అతనికి కథలో మిగిలిన పని తక్కువ. కథ మొదట్లో తెలియనిది చివరికి ఎవరికి తెలుస్తుందో చూడండి. తన చదువు ఖరీదెంతో ఆ ముడి దగ్గర తెలుసుకునేది సుజాత. మేమైతే ఈ కథ సుజాతకే ఇస్తాం. బేరగాడి వైపు నుంచి రాయడం అన్నిటికన్నా కష్టం, కుదిరితే అన్నిటికన్నా పదునుగా ఉంటుంది. జాలి అనే మాటే లేకుండా జాలి పుట్టించాలి కదా. ఓ పది కథలు రాశాక ప్రయత్నించండి.

పై మూడు ముక్కల్లో ఇంకొకటి గమనించండి. ఒకే మనిషి వెంకటేశు, ముసలాయన, నాన్న అయ్యాడు. దృష్టికోణం పట్టించే గుర్తులు తెలుగులో పిలుపులోనూ, క్రియ చివరా ఉంటాయి. "నాన్న విప్పుతున్నాడు" అంటే ఒక ఇల్లు, "నాన్నగారు విప్పుతున్నారు" అంటే ఇంకో ఇల్లు. సుజాత కళ్లతో చూస్తూ "వెంకటేశు విప్పుతున్నాడు" అని రాశారో, ఆ క్షణమే పాఠకుడు ఆమె పక్కనుంచి లేచి వీధిలోకి వెళ్లిపోతాడు. కోస్తా సుజాత అయితే గేదె అంటుంది, తెలంగాణ సుజాత అయితే బర్రె అంటుంది. మాటల్లో మాత్రమే బర్రె అనిపించి కథనంలో మళ్లీ గేదె అని రాస్తే రెండు గొంతులు వినబడతాయి.

'మన', 'మా' అనే తేడా కూడా మనకు దొరికిన వరం. "మన గౌరిని అమ్మేస్తున్నావా?" అని సుజాత తండ్రిని అడిగితే నష్టం ఇద్దరిదీ. "మా గౌరి" అని బేరగాడితో అంటే గీత గీసి అతన్ని అవతల నిలబెట్టినట్టు. అలాగే 'ట'. "మిగతా డబ్బు శనివారం ఇస్తాడట." ఆ ఒక్క అక్షరంతో మాట సుజాతకి వేరేవాళ్ల నోట చేరిందని తెలుస్తుంది, దాని మీద ఆమెకి పూర్తి నమ్మకం లేదేమో అన్న అనుమానం కూడా తగులుతుంది. "అని ఎవరో చెప్పగా ఆమె విన్నది" అని సాగదీయక్కర్లేదు.

ఇక తప్పులు. అన్నిటికన్నా తరచుగా జరిగేది జారిపోవడం. సుజాత వైపు నుంచి నడుస్తున్న కథలో "ఆమె కళ్లు ఎర్రబడ్డాయి" అని రాస్తాం. తన కళ్ల రంగు తనకెలా కనబడుతుంది? "కళ్లు మండాయి" అనాలి. "నాన్న మనసులో ఎంత కుమిలిపోతున్నాడో ఆమెకి తెలియదు" అన్న వాక్యం ఇంకా పెద్ద జారుడు. ఆమెకి తెలియకపోతే చెబుతున్నదెవరు?

రెండో తప్పు, కళ్లకి అడ్డంగా కళ్లజోళ్లు పెట్టడం. "నాన్న చేతులు వణకడం సుజాత గమనించింది." చూస్తున్నది సుజాతేనని పాఠకుడికి మొదటి పేరాలోనే అర్థమైంది. "నాన్న చేతులు వణికాయి" చాలు. చూసింది, గమనించింది, అనిపించింది, అనుకుంది – మీ పేజీలో ఇవి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. సగానికి పైగా కొట్టేసినా అర్థం చెడదు.

మూడోది కొసమెరుపు కోసం చేసే మోసం. 'నేను' అంటూ కథ చెబుతున్న మనిషికి ఆ బేరగాడు తన మేనమామేనని మొదటినుంచీ తెలుసు, కానీ ఆ సంగతి చివరి వాక్యంలోనే బయటపెడతాడు. దాచింది పాత్ర కాదు రచయిత అని పాఠకుడు పసిగట్టేస్తాడు. 1910లో అచ్చయిన గురజాడ 'దిద్దుబాటు' చూడండి. రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చిన గోపాలరావు వెంటే మనమూ లోపలికి వెళతాం. భార్య కనబడదు, ఉత్తరం కనబడుతుంది. ఆమె మంచం కిందే ఉందని అతనికి తెలియదు, అందుకే మనకీ తెలియదు. చివర్లో ఆమె నవ్వు వినబడినప్పుడు మోసపోయామనిపించదు, అతనితో పాటు మనమూ ఉలిక్కిపడి నవ్వుకుంటాం. దాపరికం నిజాయితీగా ఉండాలంటే చూసే మనిషికి కూడా ఆ విషయం తెలియకుండా ఉండాలి.

కథ మధ్యలో దృష్టికోణం మార్చకూడదా అంటే మార్చొచ్చు. ఒక వరుస ఖాళీ వదలండి, కొత్త భాగం మొదటి వాక్యంలోనే ఎవరి దగ్గర ఉన్నామో తెలిసేలా రాయండి. చిన్న కథలో ఒకసారి మించి వద్దు.

ఇప్పుడు మీ పేజీ తీసి పెన్సిల్ పట్టుకోండి. ప్రతి వాక్యం పక్కనా ఒక గుర్తు పెట్టాలి: ఆ మనిషి చూసినదీ విన్నదీ అయితే 'చూ', లోపల కలిగినదైతే 'లో', ఊహించినదైతే 'ఊ'. 'ఊ' వాక్యాల్లో కాబోలు, ఏమో, లాగుంది, 'ట' లాంటిదేదైనా ఉందో లేదో చూసుకోండి. "బేరగాడికి జాలేసింది" తప్పు, "బేరగాడికి జాలేసింది కాబోలు, లెక్కపెట్టిన నోట్లు మళ్లీ లెక్కపెట్టలేదు" ఒప్పు. మూడింట్లో ఏ గుర్తూ పెట్టలేని వాక్యం మీది, పాత్రది కాదు. కొట్టేయండి.

వచ్చే పాఠానికి అభ్యాసం. ఇంట్లో సుజాత తల్లి కూడా ఉంది. పాకలోకి రాలేదు, వంటింట్లోనే ఉండిపోయింది. ఇదే అమ్మకాన్ని ఆమె వైపు నుంచి 250 మాటల్లో రాయండి. ఆమెకి పాక కనబడదు, వినబడుతుందంతే: బేరం మాటలు, గిట్టల చప్పుడు, దూడ అరుపు, గేటు మూసిన శబ్దం. 'చూసింది', 'బాధ', 'కన్నీళ్లు' అనే మాటలు వాడకూడదు. ఆమె చేతులకి మాత్రం ఏదో ఒక పని ఇవ్వండి, బియ్యంలో రాళ్లు ఏరడమో, పాలగిన్నె తోమడమో. రేపటినుంచి అవసరం లేని గిన్నెను ఆమె ఎక్కడ పెడుతుందో కూడా రాయండి. ఆ పేజీతోనే ఆరో పాఠంలో సంభాషణ మొదలుపెడదాం.