కిళ్లీ బంకులోకి దొంగ సిగరెట్లు రాకుండా చూసుకోవడం ఎలా?

టంగుటూరులో పొగాకు వేలం మొదలైతే నా బంకుకు గిరాకీ పెరుగుద్ది. అప్పుడే సంచులేసుకుని కొత్త కుర్రాళ్లు బండి మీద దిగుతారు. "ఫారిన్ సరుకన్నా, పెట్టెకు డబల్ మిగులుద్ది" అంటారు. బంకు నడిపే తమ్ముళ్లు అది తీసుకునే ముందు ఇవి చూడండి.

మొదట హెచ్చరిక బొమ్మ. ఇక్కడ అమ్మే ఏ సిగరెట్ పెట్టెకైనా, పద్ధతిగా దిగుమతైన దానికైనా సరే, ముందూ వెనకా 85 శాతం మేర హెచ్చరిక ఉండాలి. పొగ మానాలనుకునేవాళ్ల కోసం 1800-11-2356 నంబరు ఉండాలి. దొంగ పెట్టె మీద తళతళలాడే బంగారు రంగే తప్ప బొమ్మ కనపడదు. కుర్రకారుకు నచ్చేదీ అదే. బొమ్మ ఉందని కూడా నమ్మొద్దు, అదీ అచ్చేయగలరు. పెట్టె పక్కకు తిప్పి ఎమ్మార్పీ, తయారైన నెల, దిగుమతిదారు అడ్రసు చదవండి. అక్షరాలు చీమల్లా ఉంటాయి, కళ్లజోడు పెట్టుకోండి.

తర్వాత ధర. సిగరెట్ పొడవును బట్టి వెయ్యింటికి ఇంతని సుంకం, ఆపైన జీఎస్టీ. పొడుగు సిగరెట్ మన పొట్టి దానికన్నా చౌకగా వస్తోందంటే ఆ తేడా ఎవరి దయా కాదు, ఖజానాకు ఎగ్గొట్టిన సొమ్ము. ఆ పెట్టెలో మన కొండపి పొగాకు కూడా ఉండదు. ఇక్కడి కంపెనీల అమ్మకం పడిపోతే వేలంలో మన బేళ్లకు పాట పాడేవాళ్లు తగ్గుతారు. నాకు మండేది అక్కడే.

బిల్లు అడగండి. 200 రూపాయలు దాటిన సరుక్కి ఇవ్వాల్సిందే. అందులో 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉంటుంది, మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుద్ది. ఫోన్‌లో జీఎస్టీ పోర్టల్ తెరిచి కొడితే పేరు వస్తుంది. బిల్లు మాటెత్తగానే "మళ్లీ వస్తానన్నా" అని బండి స్టార్ట్ చేశాడంటే ఇంకేం చూడక్కర్లేదు.

విడిగా అమ్మేటప్పుడు కొనేవాడికి పెట్టె కనపడదు, అందుకే ఈ సరుకు బంకుల్లోనే చెల్లుతుంది. కానీ తనిఖీకి వచ్చినవాళ్లు అడిగేది పెట్టెనే. హెచ్చరిక లేనిది అమ్మితే మొదటిసారికే ఏడాది దాకా జైలు, వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ.