పోకర్‌లో బ్లఫ్ ఎప్పుడు గిట్టుబాటు అవుతుంది? లెక్క వేసుకోవడం ఎలా?

చేతిలో సరైన ముక్కలు లేకపోయినా గట్టిగా బెట్ వేసి ఎదుటివాళ్లను ప్యాక్ చేయించడమే, అంటే ముక్కలు పడేసి ఆ ఆట వదిలేసేలా చేయడమే బ్లఫ్. దీన్ని చాలామంది ధైర్యానికి సంబంధించిన సంగతి అనుకుంటారు, మొహంలో ఏమీ కనపడనీయకుండా కూర్చుంటే చాలనుకుంటారు. నిజానికి ఇందులో ముందు వచ్చేది చిన్న భాగహారం. దాని తర్వాత ఎదుట కూర్చున్న మనిషి గురించిన అంచనా. భాగహారం బడికి పోయే పిల్లలు కూడా చేసేస్తారు. తేడా అంతా అంచనాలోనే వస్తుంది. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ చెబుతాను.

ముందుగా ఒక మాట. పైసలు పెట్టి ఆడటం కోసం ఇది రాయడం లేదు. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించాక ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి రమ్మీ, పోకర్ ఆడటం కూడా నేరమే. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతటా ఆన్‌లైన్ మనీ గేమ్‌లను నిషేధించింది. పేకాట అప్పులు ఇళ్లను ఏం చేస్తాయో మన పాలమూరు, నల్లగొండ ఊళ్లల్లో తెలియనివాళ్లు లేరు. ఈ లెక్క నేర్చుకోవడానికి చింతగింజలు చాలు. ఎండాకాలం చింతపండు కొట్టినప్పుడు మిగిలిన గింజలు ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి. మనిషికి 100 గింజలు పంచండి. అయిపోయినవాళ్లకు మళ్లీ ఇవ్వొద్దు, ఆ పూటకు లేచి అందరికీ చాయ్ పెట్టాలి. ఈ షరతు తప్పనిసరి. గింజలకు విలువ లేకపోతే ఎవరూ ప్యాక్ చేయరు, ఎవరూ ప్యాక్ చేయని చోట బ్లఫ్ నేర్చుకోవడం కుదరదు.

ఇక్కడ చెప్పేది టెక్సస్ హోల్డెమ్ గురించి. మనిషికి రెండు ముక్కలు దాచి ఇస్తారు. మధ్యలో ముందు మూడు తెరుస్తారు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి టర్న్, చివరిది రివర్. ఈ ఏడింటిలో మంచి ఐదు ముక్కలు ఎవరివైతే వాళ్లే గెలుస్తారు.

మొదటి పని: ఎన్నిసార్లు ప్యాక్ చేయించాలో తెలుసుకోవడం

మధ్యలో ఉన్న గింజల కుప్పను పాట్ అంటారు. మీ బెట్‌ను, పాట్ ప్లస్ బెట్‌తో భాగించండి. వచ్చిన శాతం కంటే ఎక్కువసార్లు ఎదుటివాళ్లు ప్యాక్ చేస్తేనే బ్లఫ్ గిట్టుబాటు.

పాట్‌లో 60 గింజలున్నాయి, మీరు 40 వేశారు అనుకుందాం. 40ని 100తో భాగిస్తే 40 శాతం. ఇదే ఆట వందసార్లు ఆడితే 40 సార్లు వాళ్లు ప్యాక్ చేసి మీకు 60 చొప్పున 2,400 గింజలు వస్తాయి. మిగతా 60 సార్లు కాల్ చేసి, అంటే మీ బెట్‌కు సమానంగా వేసి ముక్కలు చూసి, మీ 40 చొప్పున 2,400 తీసుకుంటారు. లాభం లేదు, నష్టం లేదు. 41వ సారి ప్యాక్ చేయించగలిగితే అక్కడి నుంచి లాభం మొదలవుతుంది.

పాట్‌లో సగం బెట్ వేస్తే 33 శాతం కావాలి, పాట్ అంత వేస్తే 50, రెండింతలు వేస్తే 67. ఈ మూడూ గుర్తుంటే ఆట మధ్యలో కాగితం అక్కర్లేదు. పెద్ద బెట్ వేస్తే ఎదుటివాళ్లు భయపడతారు, నిజమే. కానీ ఆ భయం ఎన్నిసార్లు పనిచేయాలో కూడా దానితోపాటే పెరుగుతుంది.

రెండో పని: ఎదుటివాళ్ల చేతిలో ఏముండొచ్చో లెక్కపెట్టడం

అసలు పని ఇదే. నిదానంగా ఒక ఆట చూద్దాం.

మీ చేతిలో ఇస్పేటు జాకీ, ఇస్పేటు 10. మధ్యలో ఇస్పేటు రాజు, ఇస్పేటు 7, డైమన్ 3, తర్వాత కళావరు 2, చివరికి ఆటీన్ 3. ఇస్పేట్లు ఐదు అవుతాయని రివర్ దాకా వచ్చారు, కాలేదు. మీకు సొంత జత కూడా లేదు, ముక్కలు చూపిస్తే ఓడిపోయినట్టే. పాట్ 60. ఎదుటి మనిషి ఫ్లాప్‌లో, టర్న్‌లో మీ బెట్లకు కాల్ చేసి ఇప్పుడు చెక్ చేశారు, అంటే బెట్ వేయకుండా వంతు మీకు వదిలారు. 40 వేయాలా?

రెండుసార్లు కాల్ చేసిన మనిషి దగ్గర ఏముండొచ్చు? రాజుతో రాణి ఉండొచ్చు. మిగిలిన రాజులు మూడు, రాణులు నాలుగు, కాబట్టి 12 రకాలు. రాజుతో జాకీ అయితే ఒక జాకీ మీ దగ్గరే ఉంది, అవి 9. అలాగే రాజుతో 10 కూడా 9. రాజు ఉన్నవన్నీ కలిపి 30. ఇక 7తో జత పడ్డవి: ఏసు-7 పన్నెండు, 8-7 పన్నెండు, 7-6 పన్నెండు, మొత్తం 36. చేతిలోనే జత ఉన్నవి: రెండు 8లు ఆరు రకాలు, రెండు 9లు ఆరు, రెండు 10లు మూడు, వెరసి 15. అన్నీ కలిపితే 81.

ఇప్పుడు ఎదుట కూర్చున్నది మీ బావ అనుకోండి. రాజు లేనిదే రివర్‌లో ఒక్క గింజ కూడా పెట్టని మనిషి. అప్పుడు 81లో 51 సార్లు ప్యాక్ చేస్తాడు, అంటే 63 శాతం. కావాల్సింది 40 శాతమే. ఈ బ్లఫ్ ఒక్కోసారికి సగటున 23 గింజలు తెచ్చిపెడుతుంది. అడుగుతాడు కూడా, “నిజం చెప్పు, ఉన్నదా నీ దగ్గర?” అని. అడిగి, రెండుసార్లు ముక్కలు చూసుకుని, పడేస్తాడు.

అదే చోట మీ చిన్నాయన ఉన్నాడనుకోండి. “ఇంతదాకా వచ్చినంక ప్యాకేంది, చూపియ్ నీ ముక్కలు” అనే మనిషి. చేతిలో జత ఉన్నా, ఏసు-7 ఉన్నా వదలడు. 8-7, 7-6 మాత్రమే పడేస్తాడు. 81లో 24, అంటే 30 శాతం కూడా లేదు. అదే బెట్‌కు ఇప్పుడు సగటున 10 గింజల నష్టం. ఆయన దగ్గర కూడా మీలాగే ఇస్పేట్ల కోసం వచ్చి తప్పినవి ఓ ఎనిమిది రకాలు ఉన్నాయని కలిపినా 89లో 32, అంటే 36 శాతం. అప్పటికీ చాలదు.

ముక్కలు అవే, పాట్ అదే, బెట్ అదే. మనిషి మారితే 23 లాభం కాస్తా 10 నష్టం అయింది. చిన్నాయన మీద బ్లఫ్ వేయొద్దు. మంచి ముక్కలు వచ్చినప్పుడు ఆయన మీద పెద్ద బెట్ వేయండి, కాల్ చేస్తాడు.

ఇక్కడ మన వైపు ఆటగాళ్ల గురించి ఒకటి చెప్పాలి. పెళ్లిళ్లలో, పండగలకు మూడు ముక్కలాట ఆడి పెరిగినవాళ్లం. అందులో ముక్కలు చూడకుండా బ్లైండ్ ఆడటం గొప్ప, ప్యాక్ చేయడం నామోషీ. ఆ అలవాటుతోనే పోకర్‌కు వస్తారు. అందుకే మన దగ్గర కూర్చునే ఆటల్లో చిన్నాయనలే ఎక్కువ, బావలు తక్కువ. కొత్తగా కూర్చున్నప్పుడు మొదటి గంట బ్లఫ్ మానేసి ఎవరు రివర్‌లో ఏ ముక్కలతో కాల్ చేస్తున్నారో చూడటమే మేలని నా అభిప్రాయం. ముక్కలు చూపించిన ప్రతిసారీ గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత వేసే అంచనాకు అవే ఆధారం.

మూడో పని: ఇంకా ముక్కలు రావాల్సి ఉంటే దాన్ని కలుపుకోవడం

పైన చెప్పింది అన్ని ముక్కలూ వచ్చేశాక వేసే బ్లఫ్. టర్న్‌లోనే వేస్తే లెక్క మీ వైపు మొగ్గుతుంది. చేతిలో రెండు ఇస్పేట్లు, మధ్యలో రెండు ఇస్పేట్లు, పాట్ 40, మీరు 30 వేశారు. మీకు కనపడని ముక్కలు 46, వాటిలో ఇస్పేట్లు 9. కాల్ చేసినా దాదాపు 20 శాతం రివర్‌లో మీరే గెలుస్తారు. అప్పుడు 40 పాట్, వాళ్ల 30 కలిపి 70 మీవి. మిగతా 80 శాతం మీ 30 పోతాయి. లెక్క వేస్తే, కాల్ చేసిన ప్రతిసారీ సగటున పోయేది 30 కాదు, 10 చిల్లర.

అందువల్ల ఏ ఆశా లేని బ్లఫ్‌కు ఇక్కడ 43 శాతం ప్యాక్ కావాల్సి ఉండగా, దీనికి 21 శాతం చాలు. రివర్‌లో మళ్లీ బెట్లు ఉండవనుకుని వేసిన లెక్క ఇది. బ్లఫ్ నేర్చుకునేవాళ్లు ముందు ఈ రకంతోనే మొదలుపెట్టాలి. మనిషిని అంచనా వేయడంలో కొంచెం తప్పు జరిగినా ఇది తట్టుకుంటుంది.

ఎదుట ఒకరికంటే ఎక్కువమంది ఉంటే

మానేయండి. ఒక్కొక్కరు 60 శాతం ప్యాక్ చేసేవాళ్లైనా ఇద్దరూ కలిసి ప్యాక్ చేసేది 36 శాతమే, ముగ్గురైతే 22 శాతం కూడా ఉండదు.

మీ చేతిలోని ముక్కలు ఎవరికి అడ్డం?

పై ఆటలో మీ జాకీ, 10 వల్ల ఎదుటివాళ్ల రాజు-జాకీ, రాజు-10 తగ్గాయి. కాల్ చేసే ముక్కలకు మీరు అడ్డం ఉన్నారు కాబట్టి అది మీకు మంచిది. కానీ రెండు ఇస్పేట్లు మీ దగ్గరే ఉండటం వల్ల ఇస్పేట్లు తప్పి ప్యాక్ చేసేవాళ్లూ తగ్గారు, అది చెడ్డది. అన్నిటికంటే మంచి అడ్డం ఏదంటే, మధ్యలో మూడు ఇస్పేట్లు తెరుచుకుని ఉండగా ఇస్పేటు ఏసు ఒక్కటే మీ చేతిలో ఉండటం. అన్నిటికంటే పెద్ద ఫ్లష్ (ఒకే రంగువి ఐదు ముక్కలు) ఎదుటివాళ్ల దగ్గర లేదని మీకు ఖాయంగా తెలుస్తుంది, వాళ్లకు మాత్రం తెలియదు.

మీ గుట్టు తెలిసినవాళ్లతో ఎలా?

తెలివైనవాళ్లు మీరెన్నిసార్లు బ్లఫ్ వేస్తున్నారో కనిపెడతారు. అప్పుడు మనిషి అంచనా పనికిరాదు, పాళ్లు కావాలి. పాట్ అంత బెట్ వేసే మూడుసార్లలో ఒకటి, పాట్‌లో సగం వేసే నాలుగుసార్లలో ఒకటి బ్లఫ్ అయితే, ఎదుటివాళ్లు కాల్ చేసినా ప్యాక్ చేసినా వాళ్లకు ఒకటే. 1928లో జాన్ వాన్ న్యూమన్ ఆటల గణితానికి పునాది వేశారు. బ్లఫ్ అనేది తిక్క పని కాదు, సరైన ఆటలో ఉండి తీరాల్సిన భాగమని ఆ గణితమే తేల్చింది. 1950లో హెరాల్డ్ కూన్ దీన్ని మూడే మూడు ముక్కల ఆటలో చూపించారు. అది ఇంట్లో ఇద్దరు కూర్చుని ఆడుకోవచ్చు.

పేక నుంచి ఒక రాజు, ఒక రాణి, ఒక జాకీ తీసుకోండి. ఇద్దరూ చెరో గింజ మధ్యలో పెట్టి చెరో ముక్క తీసుకోవాలి. ముందు ఆడేవాళ్లు చెక్ అన్నా అనొచ్చు, ఒక గింజ బెట్ వేసినా వేయొచ్చు. రెండోవాళ్లు బెట్‌కు కాల్ చేయొచ్చు, ప్యాక్ చేయొచ్చు. చెక్ వస్తే తామే బెట్ వేయొచ్చు, అప్పుడు మొదటివాళ్లు కాల్ చేయడమో ప్యాక్ చేయడమో తేల్చుకోవాలి. మీరు ముందు ఆడేటప్పుడు రాజు వస్తే ప్రతిసారీ బెట్, రాణి వస్తే చెక్, జాకీ వస్తే మూడుసార్లకు ఒకసారి బెట్. ఆ ఒకసారి ఏదన్నది మీ మనసుకు వదలొద్దు, మనసుకు వరస అలవాటవుతుంది, ఎదుటివాళ్లు పట్టేస్తారు. వాచీలో సెకన్ల ముల్లు చూడండి. మొదటి 20 సెకన్లలో ఉంటే బెట్, లేదంటే చెక్. ఎంత సరిగా ఆడినా, ఎదుటివాళ్లు కూడా సరిగా ఆడితే, ముందు ఆడినవాళ్లకు సగటున ఆటకు గింజలో 18వ వంతు నష్టమే వస్తుంది. కాబట్టి ముందు ఆడే వంతు ప్రతి ఆటకూ మార్చుకుంటూ పోండి.