రైడింగ్ మోవర్ సెల్ఫ్ తీసుకోవట్లేదా? బ్యాటరీ కొనేముందు స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి

చలికాలం అయిపోయి గడ్డి పచ్చబడే వేళకి అమెరికాలో అట్లాంటా నుంచి డాలస్ దాకా, పెద్ద యార్డుండి, కూర్చుని నడిపే గడ్డి కోత బండి (రైడింగ్ మోవర్) ఉన్న మనవాళ్ళ ఇళ్ళలో ఒకటే గోల. "మోవర్ స్టార్ట్ అవట్లేదు. కొత్త బ్యాటరీ వేశా, అయినా అంతే. సెల్ఫ్ మోటార్ కూడా మార్చెయ్యనా?" దయచేసి ఆగండి. బ్యాటరీ, సొలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు పంపే స్విచ్), సెల్ఫ్ అని వరసగా కొనుక్కుంటూ పోయేవాళ్ళలో చాలామంది పైసా ఖర్చులేని పరీక్ష ఒకటి వదిలేస్తున్నారు. తాళం తిప్పినప్పుడు ఏం వినిపిస్తోంది, ఇంజిన్ ఎంతవరకు తిరిగి ఆగుతోంది, ముందు అది గమనించండి.

ఆయిల్ చూసుకోవడం, ఎయిర్ ఫిల్టర్ దులపడం, బ్లేడ్ల దగ్గర చెయ్యి పెట్టేముందు ప్లగ్ వైరు పీకెయ్యడం మీకు తెలుసనే అనుకుంటున్నాను.

తాళం తిప్పితే అసలు చప్పుడే లేదు

బ్రేక్ పెడల్ పూర్తిగా కిందికి తొక్కారా? బ్లేడ్ నాబ్ ఆఫ్‌లో ఉందా? రెండిట్లో ఏది సరిగ్గా లేకపోయినా సేఫ్టీ స్విచ్ సెల్ఫ్‌కి కరెంటు వెళ్ళనివ్వదు. కొన్ని మోడళ్ళలో సీట్లో మనిషి కూర్చుని ఉండాలి కూడా. పక్కన నిలబడి తాళం తిప్పి, బండి పోయిందని తేల్చేస్తే ఎలా? ఇవన్నీ సరిగ్గా ఉంటే ఫ్యూజ్ చూడండి. అదీ బాగుంటే వైర్లను ఎలుకలు కొరికాయేమో చూడండి. చలికాలంలో ఇంజిన్ పైకవర్ కింద గూళ్ళు పెట్టడం వాటికి మామూలే.

"టక్"మని ఒక్క చప్పుడు, లేదా టకటకటక

ఇది నిజంగానే కరెంటు సమస్య. ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. 12.2 కంటే తక్కువుంటే ముందు ఛార్జ్ చెయ్యండి. నిండా ఛార్జ్ చేశాక కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే అప్పుడు బ్యాటరీ మార్చండి, దానికి నా అభ్యంతరం లేదు. కానీ దానికంటే ముందు నల్ల వైరు ఛాసిస్‌కి తగిలే చోట బోల్ట్ విప్పండి. బిగుతుగానే ఉంది కదా అని వదిలెయ్యకండి. ఆ రింగు కింద తుప్పు పేరుకుంటే పైనుంచి కనబడదు. రెండు వైపులా ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది మళ్ళీ బిగించండి. కారు నుంచి జంప్ ఇస్తే, అంటే కారు బ్యాటరీకి వైర్లు తగిలించి స్టార్ట్ చేస్తే, కారు ఇంజిన్ ఆఫ్‌లోనే ఉంచండి.

సగం చుట్టు తిరిగి టక్కున ఆగిపోతుంది

అందర్నీ మోసం చేసేది ఇదే. సెల్ఫ్ తీసుకుంటుంది, ఇంజిన్ కొంచెం తిరుగుతుంది, ఏదో అడ్డం పడ్డట్టు ఆగిపోతుంది. రెండు మూడు సార్లు కొడితే ఒక్కోసారి దాటేసి స్టార్ట్ అవుతుంది కూడా. చూడ్డానికి అచ్చం బ్యాటరీ బలహీనపడ్డట్టే ఉంటుంది. కారు నుంచి జంప్ ఇస్తే లేస్తుంది కాబట్టి బ్యాటరీయే అని నమ్మకం కుదురుతుంది. కొత్తది వేస్తే కొన్నాళ్ళు బాగానే నడుస్తుంది, తర్వాత మళ్ళీ మొదటికే వస్తుంది. ఈసారి సెల్ఫ్ కొంటారు.

కొనకుండా ఇది చెయ్యండి. స్పార్క్ ప్లగ్ విప్పి తీసెయ్యండి. ప్లగ్ వైరు కొసని రంధ్రానికి దూరంగా పెట్టి, మొహం పక్కకి తిప్పి తాళం తిప్పండి. ఇంజిన్ గిర్రున తిరిగిందా? అయితే బ్యాటరీకీ సెల్ఫ్‌కీ వంక పెట్టడానికి లేదు. తప్పు కంప్రెషన్ దగ్గర, అంటే సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కే చోట ఉంది. ప్లగ్ లేకపోయినా నీరసంగానే తిరిగితే పైన చెప్పిన వైర్ల దగ్గరికి వెళ్ళండి. రంధ్రంలోంచి పెట్రోల్ చిమ్మితే కథ వేరు: కార్బొరేటర్‌లోకి పెట్రోల్ రాకుండా ఆపే నీడిల్ మూసుకోక సిలిండర్ నిండిపోయింది. నీడిల్ సరిచేసి, పెట్రోల్ కలిసిన ఆయిల్ మార్చేదాకా ఇంజిన్ నడపకండి.

పాత బుల్లెట్ నడిపినవాళ్ళకి డీకంప్రెషన్ లివర్ గుర్తుంటుంది. కిక్ కొట్టేముందు దాన్ని నొక్కితే వాల్వ్ కాస్త తెరుచుకుని గాలి బయటికి పోయి కిక్కర్ తేలికపడేది. మోవర్ ఇంజిన్లో అదే పని తనంతట తానే జరుగుతుంది. వాల్వ్‌లని తెరిచే కడ్డీ, అంటే క్యామ్ మీద ఉండే చిన్న మెట్టు, ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం ఒక వాల్వ్‌ని వెంట్రుకవాసి ఎత్తి పట్టుకుంటుంది. వేగం అందుకోగానే తప్పుకుంటుంది. ఇంత చిన్న సెల్ఫ్ అంత పెద్ద సిలిండర్ని తిప్పగలుగుతున్నది ఆ వెంట్రుకవాసి వల్లే. వాడగా వాడగా ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఉండే సందు) పెరిగితే, ఆ కాస్త ఎత్తూ గ్యాప్‌లోనే ఖర్చయిపోతుంది. వాల్వ్ కదలదు, గాలి బయటికి పోదు, పిస్టన్ మొత్తం కంప్రెషన్‌కి గుద్దుకుని ఆగుతుంది. ఈ స్థితిలో పదేపదే కొడుతూ పోతే సెల్ఫ్ పళ్ళు అరిగి నిజంగానే పోతుంది.

మన ఊళ్ళో బైక్ మెకానిక్ "ట్యాపెట్ సెట్టింగ్" అని చేసేది ఇక్కడా చెయ్యాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. తాళం తీసేసి, ప్లగ్ విప్పి ఉంచి, సిలిండర్ తలమీది వాల్వ్ కవర్ తియ్యండి. పైనున్న ఫ్లైవీల్‌ని చేత్తో గడియారం తిరిగే వైపు తిప్పుతూ, ప్లగ్ రంధ్రంలో ప్లాస్టిక్ స్ట్రా పెట్టి పిస్టన్ పైకి రావడం గమనించండి. పిస్టన్ పైకొసకి వచ్చినప్పుడు రెండు వాల్వ్‌లూ మూసుకుని ఉండాలి. ఏదైనా తెరుచుకుని ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. తర్వాతి పనినే ఎక్కువమంది వదిలేస్తారు: అక్కడితో ఆగకుండా పిస్టన్ పావు అంగుళం కిందికి దిగేదాకా తిప్పాలి. లేకపోతే ఆ క్యామ్ మెట్టు ఇంకా వాల్వ్‌ని పట్టుకునే ఉంటుంది, మీరు కొలిచే గ్యాప్ అబద్ధం చెబుతుంది.

ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) రాకర్‌కీ వాల్వ్ కాడ కొసకీ మధ్య దూర్చండి. చాలా సింగిల్ సిలిండర్ ఇంజిన్లలో ఇన్‌టేక్ 0.003 నుంచి 0.005 అంగుళం, ఎగ్జాస్ట్ 0.005 నుంచి 0.007 అంగుళం ఉంటుంది. మీ ఇంజిన్ మోడల్ నంబరుతో మాన్యువల్ చూసి ఖాయం చేసుకోండి. గేజ్ రేకు కొంచెం పట్టి జారాలి, వదులుగా ఊగకూడదు. గ్యాప్ సర్దాక దాన్ని కదలకుండా పట్టే లాక్ బిగించేటప్పుడు సెట్టింగ్ మళ్ళీ కదులుతుంది కాబట్టి బిగించాక ఇంకోసారి కొలవండి. చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, పిస్టన్‌ని అదే చోటికి తెచ్చి మరోసారి కొలవండి. రెండు సిలిండర్లుంటే ఏ సిలిండర్‌కి ఆ సిలిండర్ విడిగా చెయ్యాలి. కవర్ మూసి తాళం తిప్పితే, పాత బ్యాటరీతోనే ఇంజిన్ ఎక్కడా ఆగకుండా తిరుగుతుంది.

గ్యాప్ సరిగ్గా ఉన్నా ఆగిపోతుంటే క్యామ్ మీది మెట్టే విరిగిందని అర్థం. అది అరుదు, ఇంజిన్ విప్పాలి, షాపుకి ఇవ్వండి.

తిరుగుతుంది, కానీ అంటుకోదు

పాత పెట్రోల్. ఇక్కడి బంకుల్లో దొరికే పెట్రోల్లో దాదాపు అంతటా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమని లాక్కుంటుంది. స్టెబిలైజర్ కలపకుండా శీతాకాలమంతా ట్యాంకులో ఉంచిన పెట్రోల్ తీసేసి కొత్తది పోసి చూడండి. అయినా అంటుకోకపోతే కార్బొరేటర్ గిన్నె విప్పి జెట్ (పెట్రోల్ వెళ్ళే సన్న రంధ్రం) శుభ్రం చెయ్యాలి. తాళం ఆన్ చెయ్యగానే గిన్నె కింది సొలినాయిడ్ (ఇది వేరేది, పెట్రోల్ దారి తెరిచేది) టిక్కుమనాలి. అనకపోతే దానికి కరెంటు అందట్లేదు, లేదా అదే పోయింది.

అరగంట నడిచి ఆగిపోతుంటే ట్యాంకు మూత వదులు చేసి చూడండి. దాంతో మళ్ళీ నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టే.

గడ్డి ఎగుడుదిగుడుగా తెగుతోంది

డెక్ (బ్లేడ్లని కప్పి ఉండే కింది రేకు పెట్టె) సర్దేముందు టైర్లలో గాలి చూడండి. ఒక వెనక టైరు కాస్త తగ్గినా డెక్ ఒరిగిపోతుంది. ఆ తర్వాత బ్లేడ్లు: పదును పెట్టాక తలకిందులుగా బిగించినవి నేను చాలానే చూశాను. వంపు తిరిగిన రెక్క డెక్ వైపు, అంటే పైకి ఉండాలి. అవి సరిగ్గా ఉన్నాకే డెక్ లెవెల్, ముందు భాగం వెనక కంటే కొద్దిగా కిందికి.

ఇంజిన్ నడుస్తోంది, బండి కదలట్లేదు

హైడ్రోస్టాటిక్ బండి (ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిరిగేది) అయితే వెనకాల ఉండే బైపాస్ లివర్ చూడండి. చేత్తో తోసి గరాజ్‌లో పెట్టడానికి లాగినవాళ్ళు దాన్ని మళ్ళీ వెనక్కి నెట్టడం మర్చిపోతారు. తర్వాత చూడాల్సింది బెల్ట్. గేర్‌బాక్స్ గురించి ఈ రెండూ చూశాకే ఆలోచించండి.