పోటీ హేచరీలు టెక్నాలజీ పంచుకోవాలంటే ఎలా?

మైపాడు నుంచి కొత్తపట్నం దాకా ఏ రొయ్యల రైతుని అడిగినా ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి జబ్బు పేరు చెబుతారు. అది వనామీ రకం రొయ్యను వెంటనే చంపదు, ఎదగనివ్వదు. సంగతి బయటపడేసరికి మేతకు పెట్టిన డబ్బంతా గుంటలో కలిసిపోయి ఉంటుంది. సీడు, అంటే రొయ్య పిల్లల అమ్మకంలో ఎంత పోటీ ఉన్నా, ఈ జబ్బును పసిగట్టే పరీక్షను ఆ పిల్లల్ని పుట్టించే హేచరీలు కలిసి మెరుగుపరచుకోవాలి.

ముందు హద్దులు రాసుకోండి. పీసీఆర్ (జబ్బు డీఎన్ఏను పట్టే పరీక్ష) విధానం, పాజిటివ్ శాంపిళ్లు పంచుకోవచ్చు. మేత ఫార్ములా, తల్లి రొయ్యల ఎంపిక ఎవరివి వాళ్లవే. సీడు ధర, ఏ ఊరి రైతులకు ఎవరు అమ్మాలన్న మాట అసలు ఎత్తొద్దు. 2002 కాంపిటీషన్ చట్టం 3వ సెక్షన్ కింద అది పెద్ద తప్పు.

తర్వాత గోప్యత ఒప్పందం. వ్యాపార రహస్యాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు కాబట్టి కాగితం మీద ఉన్నదే మీకు రక్ష. సంతకాలయ్యాకే ల్యాబ్ చూపించండి. కిట్‌కు పేటెంట్ తీసుకునే ఆలోచనుంటే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు అంతకన్నా ముందే పెట్టాలి. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలలు గడువుంటుంది. ఉమ్మడి పేటెంటైతే ఎవరికి వారు వాడుకోవచ్చు, మూడోవారికి లైసెన్సు ఇవ్వాలంటే మాత్రం రెండోవారి ఒప్పుదల కావాలి.

అసలు పని శాంపిళ్ల దగ్గరే. ఒక ట్యాంకు నుంచి 150 రొయ్య పిల్లల్ని తీయండి. నూటికి రెండింటికి జబ్బున్నా 95 శాతం నమ్మకంతో దొరకాలంటే అన్ని కావాలి. పిల్లలు కాస్త పెరిగినవైతే కళ్లు గిల్లేయాలి. కళ్లలోని పదార్థం పీసీఆర్‌ను అడ్డుకుని, జబ్బున్నా నెగెటివ్ చూపిస్తుంది. ఒక ల్యాబ్ కళ్లు తీసి, రెండోది తీయకపోతే రిజల్టులు కలవవు, అనుమానాలు మొదలవుతాయి. పిల్లల్ని చెరి సగం పంచుకోవద్దు. అన్నిటినీ కలిపి మెత్తగా నూరి, ఆ ముద్దనే రెండు ట్యూబుల్లో సర్దండి. లేకపోతే తేడా పరీక్షలో ఉందో పిల్లల్లో ఉందో తేలదు. ట్యూబుల మీద కోడ్ నంబర్లే వేయండి. ఇలాంటివి కనీసం 20 జతలు చేసి, మధ్యలో శాంపిల్ లేని ఖాళీ ట్యూబులు కొన్ని కలపండి. ఖాళీ ట్యూబ్ పాజిటివ్ వచ్చిందంటే పాత డీఎన్ఏ బల్ల మీదో పిపెట్‌లోనో అంటుకుని ఉంది. శాంపిల్ నూరే గదినీ పీసీఆర్ గదినీ విడదీయండి.

విడిపోయే రోజు గురించి కూడా మొదట్లోనే రాయండి: శాంపిళ్లు, ప్రొటోకాల్ కాగితాలు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, కాపీలు చెరిపేయాలి. ఒకరు చేసిన మెరుగుదల మొత్తం లైసెన్సు ఇచ్చినవారికే దఖలు పడాలని షరతు పెట్టకండి, పేటెంట్ చట్టం 140వ సెక్షన్ ముందు అది నిలవదు.