పౌడర్ ట్రిక్లర్ ఎంపిక, చిన్న మార్పులు

తూటాలు రీలోడ్ చేసేటప్పుడు, అంటే పేల్చిన ఖాళీ తూటా గొట్టాలను మళ్లీ నింపేటప్పుడు, చివరి కొద్దిపాటి తుపాకి మందును త్రాసు పళ్లెంలోకి మెల్లగా రాల్చేది ట్రిక్లర్. కొనేటప్పుడు నేను మొదట చూసేది బరువే. తేలికైనది నాబ్ తిప్పగానే కదిలిపోతుంది. అడుగు డొల్లగా ఉంటే సీసపు గుళ్లు నింపి మూసేయండి, కింద రబ్బరు షీట్ అతికించండి. గొట్టం మూతి పళ్లెం అంచుకు కాస్త పైన, దానికి తగలకుండా ఉండాలి. ఎత్తు చాలకపోతే చెక్క దిమ్మ పెట్టండి. ప్లాస్టిక్ గొట్టానికి స్టాటిక్‌తో మందు అంటుకుంటుంది, నాకు లోహపుదే ఇష్టం. 0.1 గ్రెయిన్ (మందు తూచే ప్రమాణం) అంటే దాదాపు 6.5 మిల్లీగ్రాములే, కాబట్టి ఫ్యాన్ ఆపాల్సిందే. మందు మోతాదు మాత్రం రీలోడింగ్ మాన్యువల్ చెప్పినంతే. పనయ్యాక మిగిలిన మందును ట్రిక్లర్‌లో వదలకండి, దాని సొంత డబ్బాలోకే తిరిగి పోయండి.