రంగు కన్నా ముందు ముదురు-లేత తేల్చుకోండి

పోస్టర్‌కి గానీ వెబ్ పేజీకి గానీ రంగులు ఎంచుకునేటప్పుడు ఎరుపా, నీలమా అన్నది తర్వాతి సంగతి. ఏది ముదురు, ఏది లేత అన్నది ముందు తేలాలి. మొదటి డ్రాఫ్టు తెలుపు, నలుపు, రెండు మూడు బూడిద ఛాయలతోనే వేయండి. అందులో శీర్షిక కంటికి ఆనకపోతే తర్వాత ఎంత మంచి రంగు పూసినా ఆనదు.

అది కుదిరాక నచ్చిన ఫొటో ఒకటి తీసుకుని, బాగా బ్లర్ చేసి, ఐడ్రాపర్‌తో (నొక్కిన చోటి రంగును తీసిచ్చే పనిముట్టు) ఐదారు చోట్ల నొక్కండి. ఒకే వెలుతురులో ఉన్న రంగులు కాబట్టి చాలావరకు వాటికవే పొసుగుతాయి. బ్లర్ చేయకపోతే ఒక్క పిక్సెల్ రంగే చేతికొస్తుంది, అది మీ కంటికి కనిపించిన రంగు కాకపోవచ్చు. దొరికినవాటిలో మూడు చాలు: సుమారు 60 శాతం నేపథ్యానికి, 30 శాతం బొమ్మలకీ పట్టీలకీ, 10 శాతం బటన్, తేదీ లాంటివాటికి. ఆ 10 శాతం పెంచాలని చేయి లాగుతుంది. పెంచితే ముందు దేన్ని చూడాలో చూసేవారికి తెలియదు.

ఏ రంగునీ విడిగా చూసి ఖాయం చేయకండి. ఎర్రటి నేపథ్యం మీద మామూలు బూడిద రంగు కాస్త ఆకుపచ్చగా కనిపిస్తుంది, అందులో చిటికెడు ఎరుపు కలిపితే సర్దుకుంటుంది. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో నల్ల నూలు వెలవెలబోతోందని ఫిర్యాదులు వస్తే, తప్పు అద్దకానిది కాదు, పక్కనున్న రంగులదని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ తేల్చాడు. 1839లో ఆ సూత్రాలు అచ్చయ్యాయి.

ఇక కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ నేపథ్యానికీ మధ్య ముదురు-లేత తేడా. వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల ఏఏ స్థాయి ప్రకారం మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్దవాటికి 3:1 ఉండాలి. తెలుపు మీద #767676 బూడిద రంగు 4.54 దగ్గర గట్టెక్కుతుంది. రంగు, గాఢత, లైట్‌నెస్ (లేతదనం) విడివిడిగా మార్చే హెచ్‌ఎస్‌ఎల్ స్లైడర్‌ని మాత్రం నమ్మకండి. అచ్చమైన పసుపుకీ, అచ్చమైన నీలానికీ లైట్‌నెస్ 50 అనే చూపిస్తుంది, కానీ తెలుపు మీద కాంట్రాస్ట్ పసుపుకి 1.07, నీలానికి 8.59! ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియనివారూ చూస్తారు కాబట్టి తప్పు-ఒప్పులకు రంగుతోపాటు గుర్తో మాటో పెట్టండి.

ప్రింటుకైతే సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకులు) ప్రివ్యూ మొదట్లోనే చూడండి, స్క్రీన్ మీది మెరుపు ఆకుపచ్చ ఆ ఇంకుల్లో రాదు. చిన్న అక్షరాలకు నలుపు ఇంకు ఒక్కటే 100 శాతం వాడండి. నాలుగు ఇంకులూ కలిపితే, వాటిలో ఒకదాన్ని అచ్చేసే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం అంచున రంగు చార కనిపిస్తుంది.